అలిగిన బతుకమ్మ నాటి స్కానింగ్

ఆ ఏడు బతుకమ్మ పండుగకు నా కడుపు గురించి మాట్లాడని మనిషి మా హుజూరాబాద్‌లో లేడు. కూరగాయల బండి దగ్గర మాట్లాడారు. పిండి గిర్ని దగ్గర వరుసలో నిలబడి మాట్లాడారు. నా దుకాణంలోకే వచ్చి, నా చేతుల మీదుగానే జాకెట్ గుడ్డ చింపించుకుని, కళ్లతో నా కడుపును కొలుచుకుని పోయి, మెట్లు దిగాక మాట్లాడారు. కోపం చల్లారాక చెబుదామని ఏడాది ఆగాను. చల్లారలేదు. ఇక చల్లారదని తెలిసిపోయింది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

నాది మ్యాచింగ్ సెంటర్. చీరకు సరిపోయే జాకెట్ గుడ్డలు, ఫాల్స్, లంగాలు అమ్ముతాను. నా భర్త కొండల్ మస్కట్‌లో ఏసీలు బాగుచేస్తాడు. అప్పటికి అతను ఇల్లు విడిచి ఏడాదిన్నర అయింది. ఇంట్లో నేను, మా అత్తమ్మ లస్మవ్వ, ఇద్దరమే. మాకు పిల్లలు లేరు. ఊరికి నా గురించి తెలిసింది ఇంతే.

తెలియనిది ఒకటుంది. ఆ జనవరిలో హైదరాబాద్‌లో నాకు బరువు తగ్గించే ఆపరేషన్ అయింది. అంతకుముందు నేను నూట ఇరవై కిలోల మనిషిని. షుగర్ కూడా ఉండేది. కరీంనగర్‌లో మమతారాణి అని లివర్ డాక్టరమ్మ ఉంది. స్కానింగ్ తీయించి, మొహం మీదే చెప్పింది.

"నర్మదా, నీ లివర్‌కు కొవ్వు పట్టింది. పట్టి ఊకుంటలేదు. లోపల మచ్చలు కడుతున్నయి, గట్టిపడుతున్నది. ఇట్లనే పోతే ఎండిపోతది."

"నేను మందు ముట్టను మేడం" అన్నాను.

"మందు తాగినోళ్లకే లివర్ పోతదని నీకు ఎవలు చెప్పిండ్రు?"

ఆ మాటకు నాకు మా బాపు గుర్తొచ్చాడు. మా బాపు పుట్టి బుద్ధెరిగి కల్లు చుక్క ముట్టలేదు. లావు మనిషి, షుగర్ మనిషి. చివరికి కాళ్లు చేతులు పుల్లలై, కడుపు మాత్రం కుండలా ఉబ్బి, కళ్లు పచ్చబడి చచ్చిపోయాడు. పాడె లేవకముందే మా వాకిట్లో నిలబడి "చాటుంగ తాగేటోడట" అన్నారు. అప్పుడు నేను చిన్నపిల్లను, నోరు లేదు. ఆ తరువాత నోరు బాగానే వచ్చింది.

ఆపరేషన్‌లో నా కడుపు కత్తిరించి అరటిపండంత సంచి మిగిల్చారు. కొండల్ ఫోనులో సరేనన్నాడు. ఆసుపత్రి కాగితాల మీద వేలిముద్ర వేసింది మా అత్తమ్మే. వార్డు బయట చాప పరుచుకుని పడుకుంది. నా కుట్లు తడవకుండా బట్ట అడ్డం పెట్టి ఒళ్లు తుడిచింది. అదంతా కాదంటే నా కళ్లు పోతాయి. కానీ ఊళ్లో దిగంగానే వాకిట్లో నిలబడి, "మా కోడలుకు కడుపుల రాళ్లు తీసిండ్రు" అని చెప్పేసింది.

"రాళ్లెక్కడియి అత్తమ్మా?" అన్నాను లోపలికి వచ్చాక.

"మరేం చెప్పాలె? తిండి ఆపుకోలేక కడుపు కోపిచ్చుకున్నదని చెప్పాల్నా? నలుగుట్ల ఇజ్జత్ పోదా?"

అప్పుడు కూర్చోవడానికే ఓపిక లేదు నాకు. పోనీలే అనుకున్నాను.

ఎండాకాలం దాటేసరికి ముప్పై కిలోలు దిగాను. మొహం పీక్కుపోయింది, జబ్బలు సన్నబడ్డాయి. కడుపు మీద చర్మం మాత్రం అంత తొందరగా ముడుచుకోదు కదా, సంచిలా వేలాడింది. చీర కట్టుకుంటే అక్కడొక్కచోటే ఎత్తుగా కనిపించేది. తొందరగా నాలుగు ముద్దలు మింగితే వాంతి. నీళ్లు గబగబా తాగితే వాంతి. ఆపరేషన్ అయినవాళ్లకు ఇది మామూలేనని డాక్టర్లు ముందే చెప్పారు. ఊరికి ఎవరు చెబుతారు?

జూన్‌లో కరీంనగర్ పోయాను, లివర్‌ను మళ్లీ చూపించుకోవడానికి. స్కానింగ్ సెంటర్ బెంచీల నిండా నెలలు నిండుతున్న ఆడపిల్లలే. గోడ మీద పెద్ద అక్షరాలతో 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అని బోర్డు. ఆ బోర్డు కిందే కూర్చున్నాను. తలెత్తితే ఎదురుగా మా పక్కింటి శంకరవ్వ. కోడలు బాలలక్ష్మికి మూడో నెల అట, చూపించడానికి తీసుకొచ్చింది.

"నువ్వేందే ఈడ?" అన్నది శంకరవ్వ.

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అత్తమ్మ వాకిట్లో చెప్పిన రాళ్లు గుర్తొచ్చాయి. "రాళ్లు మళ్లేమన్న వచ్చినయేమోనని చూపిచ్చుకుంటున్న అత్తా" అన్నాను.

"తీసేసిన రాళ్లు మళ్లెట్ల వస్తయే?" అన్నది. నా మొహం చూసింది, కడుపు చూసింది, గోడ మీద బోర్డు చూసింది. ఇంకేమీ అడగలేదు. బాలలక్ష్మి ఒక్కతే నాకు చోటిచ్చి జరిగి కూర్చున్నది.

ఆ రోజు నేను సంబరంగా పోయిన దాన్ని. "ముప్పై కిలోలు దిగిన మేడం" అని గొప్పలు చెప్పుకున్నాను. మమతారాణి మేడం నవ్వలేదు. లివర్ గట్టిదనం మిషన్ మీద లెక్క వస్తుంది. ఆరు, ఆ లోపల ఉంటే మంచిది. నాకు ఆపరేషన్ ముందు పద్నాలుగు. ఇప్పుడు పదిహేను.

"కాటా నీ బరువు చెప్తది నర్మదా. లివర్ సంగతి కాటాకు తెల్వది. బరువు జల్ది దిగితే కొందరికి మొదట్ల లివర్ మీద భారం పడ్తది, తర్వాత సర్దుకుంటది. నీది గదేనా, లేకపోతే నిజంగనే మచ్చ పెరుగుతున్నదా? మళ్ల స్కానింగ్ తీస్తేనే తెలుస్తది. బతుకమ్మ పండుగ నాటికి రా. తప్పిచ్చుకోకు. పెరుగుతున్నదంటే ఎంటనే మందులు మొదలుపెట్టాలె. లేటయితే మందులకు గూడ లొంగది."

ఆ మూడు నెలలు నేను ఎట్లా గడిపానో నాకే తెలుసు. అద్దం ముందు నిలబడి కనురెప్పలు లాగి పచ్చబడ్డాయా అని చూసుకునేదాన్ని. బాపు కడుపు కళ్ల ముందు కదిలేది. ఇంత భయంలో నేనుంటే, ఊరి గోల ఊరిది.

పండుగ బేరం మొదలైంది. ఒకరోజు దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. మధ్యాహ్నం దాటాక ఇంత ఉప్మా నోట్లో కుక్కుకుని లేచాను. వెంటనే వాంతి ముంచుకొచ్చింది. వెనక మోరీ దగ్గరికి పరుగెత్తి, కక్కి, మొహం కడుక్కుని వచ్చేసరికి కౌంటర్ ముందున్న ఇద్దరు ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"నర్మదక్కా, కొండలన్న మొన్నేమన్న వచ్చిపోయిండా?" అన్నది ఒకామె. చక్కెర పోసినట్టు అడిగింది.

"లేదు. పోయిన ఏడు ఎండకాలం పోయిండు. మళ్ల రాలే."

"ఔనా?"

ఆ ఒక్క 'ఔనా' ఉన్నదే, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతిలో కత్తెర బిగుసుకుంటుంది. పదేళ్లు ఇదే కడుపును చూసి 'ఏం లేదు, ఏం లేదు' అని సణిగినవాళ్లు వీళ్లే. శ్రీమంతాలకు పిలవకుండా తప్పించినవాళ్లు వీళ్లే. ఇప్పుడు మొగుడు దేశంలో లేనప్పుడు వీళ్లకు నా కడుపులో ఏదో కనబడింది. థూ, వీళ్ల నోట్ల మన్ను పడ!

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, హైస్కూల్ గ్రౌండ్‌కు పోయాను. గునుగు, తంగేడు పూలు తెచ్చి నేనే పేర్చిన బతుకమ్మ. నడిమిట్లో దించి వరుసలో నిలబడ్డాను. చప్పట్లు మొదలయ్యాయి. రెండు చుట్లు తిరిగేసరికి నాకు ముందున్నామె ముందుకు జరిగిపోయింది, వెనకున్నామె ఆగిపోయింది. అంత పెద్ద గుంపులో నా చుట్టూ ఎడ్లబండి పట్టేంత జాగా. ఆట అయ్యాక శంకరవ్వ గౌరమ్మ పసుపు అందరికీ పంచుతూ వచ్చింది. నాకు అటుపక్కామెకు ఇచ్చింది, ఇటుపక్కామెకు ఇచ్చింది. నేను చాచిన చెయ్యి చాచినట్టే ఉన్నది.

ఇంటికి వచ్చి తాంబాళం ధడేలుమని కిందపెట్టాను.

"రేపు పొద్దున శంకరవ్వకు ఉన్న సంగతి చెప్పు అత్తమ్మా. నువ్వు చెప్పిన అబద్ధం నువ్వే తీసేయ్."

"ఇప్పుడు చెప్తే ఎవలు నమ్ముతరే? నిన్న రాళ్లన్నది, ఇయ్యాల కొవ్వంటున్నది, రేపు ఇంకేమంటదో అంటరు. గమ్మునుండు. పండుగ అయినంక అందరు మర్చిపోతరు. నువ్వు మాత్రం గా స్కానింగ్‌కు పోకు, మళ్ల ఎవలన్న చూస్తరు."

"పోకపోతే లివర్ సంగతి ఎట్ల తెలుస్తది?"

"మంచిగ సన్నగైనవు గద. ఇంక లివర్‌కు ఏమైతది?"

ఆమెకు మమతారాణి మేడం మాటలన్నీ విడమరిచి చెప్పాను. తల ఊపుతూ విన్నది. విని, పక్క సర్దుకుని పడుకున్నది.

మస్కట్‌లో మా హుజూరాబాద్ వాళ్లు చాలామందే ఉన్నారు. ముచ్చట అక్కడికి పోవడానికి విమానం అక్కర్లేదు. తెల్లారి కొండల్ ఫోన్ చేశాడు.

"నర్మదా, జర నా మాట ఇను. నేను వచ్చే ఎండకాలం వస్త. ఇద్దరం కలిసి పోదాం స్కానింగ్‌కు. అప్పటిదాక ఆగు."

"లివర్ ఆగుతదా ఎండకాలం దాక? నువ్వు దాంతోని మాట్లాడినవా?"

"గట్ల కాదే. ఈడ రూముల నలుగురు నాలుగు తీర్ల మాట్లాడుతున్నరు. నా పరేషాన్ గూడ చూడు."

"నాకు ఏం ఆపరేషన్ అయిందో నీకు తెల్వదా?"

"తెల్సు..." అన్నాడు. "తెల్సు గానీ..."

"గానీ?"

"వీడియో కాల్ చేస్త. జర దూరం నిలబడు. ఒకసారి చూస్త."

పన్నెండేళ్ల కాపురం. కాలింది నాకు, నెత్తి నుంచి అరికాలు దాకా కాలింది. ఫోన్ తీసి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టాను. అది లోపల మోగుతూనే ఉన్నది.

ఊరు అనుమానించిందంటే ఊరికి తెలియదు. మొగుడు దూరం ఉన్నాడు, చెవిలో పోసేవాళ్లున్నారు, అదీ పోనీ అనుకున్నాను. కానీ ఆ తరువాత జరిగింది నేను మరిచిపోలేను. పండుగ అయిదో రోజు, అట్ల బతుకమ్మ నాడు పొద్దున ఇద్దరం వాకిట్లో కూర్చుని గునుగు పువ్వుకు రంగులు అద్దుతున్నాం. అత్తమ్మ అటూ ఇటూ చూసి, నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"నిజం చెప్పు బిడ్డా. నేను ఎవలకు చెప్ప. ఏమన్న ఉంటే పండుగ పోయినంక సప్పుడు లేకుంట చూసుకుందాం."

చేతిలో పువ్వు చేతిలోనే ఉండిపోయింది. ఈమె నా కుట్లు తుడిచిన మనిషి. నా కడుపులో ఎంత కోశారో, ఎంత మిగిల్చారో డాక్టరు చెబుతుంటే నా పక్కన నిలబడి విన్న మనిషి. నేను ముద్ద ముద్దకూ కక్కుకుంటుంటే వీపు నిమిరిన మనిషి. అన్నీ తెలిసిన ఈమె అడుగుతున్నది!

రంగు నీళ్ల గిన్నె ఎత్తి వాకిట్లో విసిరికొట్టాను. గోడంతా గులాబీ రంగైంది. శంకరవ్వ గోడ మీదుగా తొంగి చూసింది.

"చూడు, చూడు! కండ్లు ఇంకా పెద్దగ చేసి చూడు!" అని అరిచాను. తల లోపలికి పోయింది.

తెల్లారి అలిగిన బతుకమ్మ. ఆ రోజు మా దగ్గర బతుకమ్మను పేర్చరు. అమ్మవారు అలిగి కూర్చుందని పూలు తేరు, ఆడరు, పాడరు. దుకాణానికి కూడా ఎవరూ రారు. అందుకే మమతారాణి మేడం దగ్గర ఆ రోజుకే పేరు రాయించుకున్నాను. అలగడానికి అమ్మవారికి ఒక రోజు రాసిపెట్టారు. నాకు ఆ భాగ్యం కూడా లేదు, నేను అలిగితే అన్నం వండేవాళ్లుండరు.

ఏమీ తినకుండా తయారై వచ్చేసరికి అత్తమ్మ గడపలో అడ్డంగా కూర్చుని ఉన్నది.

"నన్ను దాటి పో" అన్నది.

పెద్దమనిషిని దాటి పోకూడదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే అక్కడ కూర్చున్నది.

"దాటను. లే, నువ్వు గూడ రా. నీ కండ్లతోనే చూద్దువు గని."

ఊరికే అన్నాను ఆ మాట. రాదనుకున్నాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వెంటనే లేచింది, చెప్పులేసుకుంది, నా కంటే ముందు బస్టాండ్ దారి పట్టింది. నా గోస ఇప్పటికి అర్థమైందేమో, నా కోసమే లేచిందేమో అనుకున్నాను. పిచ్చిదాన్ని. బస్సులో కిటికీ పక్క సీటు కూడా ఆమెకే ఇచ్చాను.

స్కానింగ్ సెంటర్‌లో అవే బెంచీలు, అదే బోర్డు. నా పేరు పిలవగానే అత్తమ్మ నా వెనకే గదిలోకి దూరింది. స్కానింగ్ తీసే డాక్టర్ నూరీన్ అని చిన్నమ్మాయి, బురఖా మీద తెల్లకోటు వేసుకుని ఉన్నది. నన్ను పడుకోబెట్టి, కుడిచెయ్యి తల మీదికి ఎత్తమని, చల్లటి జెల్లీ రాసి పక్కటెముకల మధ్య పరికరం ఆనించింది. తెర మీద నలుపు, తెలుపు నీడలు.

"ఇది మీ లివర్ అక్కా. మొదట్ల కొవ్వుతోని మొత్తం తెల్లగ మెరుస్తుండె. ఇప్పుడు చూడండి, తెలుపు తగ్గింది. కొవ్వు బాగ దిగింది" అన్నది.

తల తిప్పి తెర చూశాను. "మరి గట్టిదనం?"

"అది ఇప్పుడు కొలుస్త. జర ఉండండి."

"బిడ్డా" అన్నది అత్తమ్మ వెనక నుంచి. "అది కాదు బిడ్డా. జర కిందికి చూడు."

"కిందికి ఏం చూడాలె పెద్దమ్మా?"

"కిందికి... కడుపుల. ఏమన్న ఉన్నదా?"

నూరీన్ చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్ల నా మొహం వైపు చూసింది. నేను పైకప్పు చూస్తున్నాను. ఆమె బస్సెక్కింది ఇందుకు. గడపలో నుంచి అంత చురుకుగా లేచింది ఇందుకు.

"పెద్దమ్మా, అక్క లివర్ కోసం వచ్చింది. నేను లివరే చూస్త" అన్నది నూరీన్, కొంచెం గట్టిగానే.

"గదే బిడ్డా, లివర్ చూడు, వద్దంటున్ననా? గది గూడ ఒక్కసారి..."

"చూడండి మేడం" అన్నాను. "కిందికి చూడండి. లేకపోతే మా అత్తమ్మకు అన్నం పోదు."

"మీకు ఇష్టమైతేనే అక్కా."

"చూడండి."

పరికరం కిందికి జరిగింది, కోత మచ్చల మీదుగా, వేలాడే చర్మం మీదుగా. "ఏం లేదు" అన్నది నూరీన్, తెర వైపు మాత్రమే చూస్తూ.

అత్తమ్మ రెండు చేతులెత్తి ఆ మిషన్‌కు దండం పెట్టింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, తలుపు తీసుకుని బయటికి పోయింది. తలుపు పూర్తిగా పడకముందే ఫోను మాట వినబడింది. "ఏం లేదురా కొండలూ! ఏం లేదు! నా కండ్లతోని చూసిన!"

గట్టిదనం కొలవడం ఇంకా మిగిలే ఉన్నది.

నా కళ్ల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. ఎక్కిళ్లు ఆగడం లేదు. నూరీన్ నా భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, ఏడుస్తే ఊపిరి కదులుతది, లెక్క సరిగ రాదు. జర ఓపిక పట్టండి. ఇది అయినంక ఎంత ఏడుస్తరో ఏడుద్దురు గని."

నా లివర్ కోసం ఏడుపు ఆపుకున్నాను. ఊపిరి బిగపట్టమంటే బిగపట్టాను, వదలమంటే వదిలాను. మళ్లీ బిగపట్టాను. అట్లా చాలాసార్లు కొలిచింది. చివరికి నా వైపు తిరిగి నవ్వింది.

"పది. పదిహేను నుంచి పదికి దిగింది అక్కా. మేడం ఖుష్ అయితది."

మమతారాణి మేడం నిజంగానే లేచి వచ్చి నా వీపు తట్టింది. మచ్చ తగ్గుముఖం పట్టిందని, ఇంకా దిగాలని, ఆరు నెలలకు మళ్లీ చూద్దామని చెప్పింది. మా బాపు దారిలో పోవడం లేదు నేను.

బయట అత్తమ్మ నా కోసం మల్లెపూలు కొని పట్టుకుని నిలబడింది. "పా బిడ్డా, పీడ పోయింది" అని నా జడలో తురిమింది. ఇప్పుడు అడుగుతుంది, లివర్ ఏమన్నారని అడుగుతుంది అనుకున్నాను. బస్సెక్కాం. టికెట్ తీసుకున్నాం. ఆమె కునికిపాట్లు పడింది. హుజూరాబాద్ వచ్చింది.

సాయంత్రం కొండల్ ఫోన్ చేశాడు. గొంతులో పెళ్లికొడుకు హుషారు.

"నాకు తెల్సు నర్మదా, నువ్వు గసొంటిదానివి కావని."

"తెల్సా?"

"అవ్వ కండ్లార చూసిందట గద!"

నేను చెవికి ఫోను ఆనించుకుని కాచుకున్నాను. అక్కడి ఎండ గురించి చెప్పాడు, కొత్త మేస్త్రీ గురించి చెప్పాడు, పండుగ ఆఖరి రోజు సద్దులకు ఏం చీర కడుతున్నావని అడిగాడు.

"ఇంకేమన్న అడిగేది ఉన్నదా?" అన్నాను.

"ఇంకేముంటది?"

"నువ్వు ఏడాదిన్నర సంది ఆడ ఉన్నవు. నేను ఎన్నడన్న నిన్ను వీడియోల నిలబడుమన్ననా?"

ఫోన్ పెట్టేశాను. ఆ క్షణమే మంకు పట్టాను. ఎవరైనా అడిగేదాకా ఆ లెక్క నా నోటి నుంచి బయటికి రాదు. చూద్దాం, అడిగే మనిషి ఉన్నాడో లేడో. తెల్లారి వేపకాయల నాడు అడగలేదు. వెన్నముద్దల నాడు అడగలేదు. అత్తమ్మ మూడుపూటలా నవ్వుతూ వండిపెట్టింది గానీ అడగలేదు.

సద్దుల నాడు గ్రౌండ్ కిక్కిరిసింది. అత్తమ్మ రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు కట్టుకుని, పట్టుచీర కట్టుకుని, నన్ను చెయ్యి పట్టి నడిపించుకుంటూ సూటిగా శంకరవ్వ గుంపు దగ్గరికి పోయింది.

"మొన్న కరీంనగర్‌ల చూపిచ్చిన. ఏం లేదు. డాక్టరమ్మ తెర మీద చూపిచ్చింది. మా కోడలు బంగారం" అన్నది, పదిమందికీ వినబడేట్టు.

"నేనెప్పుడన్న ఏమన్న అన్ననా లస్మక్కా? ఊరోళ్లు అన్నరు గానీ" అని శంకరవ్వ గౌరమ్మ పసుపు తీసి నా వైపు చెయ్యి చాచింది.

నేను చెయ్యి చాచలేదు.

"ఆగుండ్రి" అన్నాను. నా గొంతుకు పక్క గుంపు చప్పట్లు కూడా ఆగాయి. "నాకు రాళ్ల ఆపరేషన్ కాలే. రాళ్లు లేవు, గీళ్లు లేవు. లివర్ ఎండిపోతున్నదంటే బరువు తగ్గనీకి కడుపు కోపిచ్చుకున్న. కక్కుడు అందుకే. స్కానింగ్ అందుకే. ఇగో, ఈ కడుపే గద మీరందరు కొలిచింది? మంచిగ చూడుండ్రి!"

కొంగు పక్కకు తీశాను. కోసిన మచ్చలు, వేలాడే చర్మం, అన్నీ. దీపాల వెలుగులో అందరూ చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. "గట్లా కోపిచ్చుకుంటరే?" అన్నది శంకరవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుని.

"ఇజ్జత్ తీసినవ్ గదనే పిల్లా" అన్నది అత్తమ్మ పళ్లు బిగించి.

"నా ఇజ్జత్ నువ్వు మిషన్ కింద పెట్టి చూసినవ్ అత్తమ్మా. ఇంక తీసేటందుకు ఏం మిగిలింది?"

ఒక్కొక్కరూ కళ్లు తిప్పుకున్నారు, తాంబాళాలు సర్దుకున్నారు. నేను కొంగు దోపుకుని నా బతుకమ్మను ఎత్తుకోవడానికి వంగాను. ఇంక ఈ గ్రౌండ్‌లో అడుగు పెట్టకూడదనుకున్నాను.

ఏడో నెల పొట్టతో బాలలక్ష్మి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నది. అత్త ముందర ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, మరి లివర్ ఎట్లున్నది ఇప్పుడు?" అన్నది.

ఇంత నోరున్న దాన్ని, ఆ పిల్ల మొహం చూస్తూ అట్లాగే నిలబడిపోయాను.

"పదికి దిగింది" అన్నాను చివరికి. "పదిహేను ఉండె. పదికి దిగింది."

"మంచిదేనా అక్కా?"

"మంచిదే బిడ్డా. శాన మంచిది."

అని, అక్కడే, అంతమందిలో భోరున ఏడ్చాను. బాలలక్ష్మి నా చెయ్యి వదలలేదు. అత్తమ్మ మలీద పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నది. నా లివర్ ఎట్లా ఉందో ఆమె కూడా అప్పుడే మొదటిసారి విన్నది.